ముందు వెచ్చదనం, ఆ తర్వాతనే పాలు

బిడ్డా శ్రావణీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. తల్లిపిల్లి బండి కింద పడి పోయిందట, కండ్లు తెరవని నాలుగు కూనలను నువ్వు అట్టపెట్టెల పెట్టుకొని రూముకు తెచ్చినవట. పరీక్షలు నెత్తి మీద పెట్టుకొని ఇదేం పని అని మీ అమ్మ ఒకటే గొణుగుడు. నాకు కోపం కొంత, సంతోషం కొంత. వద్దంటే నువ్వెట్లాగూ ఇనవు. అందుకే చేసే పని సక్కగ చెయ్యమని రాస్తున్న.

ఇది సంక్రాంతి చలి. మీ హన్మకొండ అద్దె రూములల్ల కింద పరిచినయన్నీ బండలే, తెల్లారగట్ల వాటి మీద ఉత్త కాలు పెట్టలేం. నా భయమంత ఆ బండల గురించే. పెట్టెను కింద పెట్టకు. ఎత్తు పీట మీదనో మంచం మీదనో పెట్టు, అడుగున బొంత మడతపెట్టి వెయ్యి. పోగులు లేచిన తువ్వాల వెయ్యకు, కూనల గోర్లు ఇంకా లోపలికి పోవు, దారాలల్ల చిక్కుతయి.

ఇగ అసలు ముచ్చట. మన దిక్కు తల్లి లేని కూన దొరికితే ఏం చేస్తరో నీకు తెలుసు. సన్నగ అరుస్తది, పాపం ఆకలైతున్నట్టుంది అనుకుంటరు. గబగబ బర్రెపాలు కాచి, ఉగ్గుగిన్నెల పోసి, ఒళ్ల ఎల్లెలకల పండవెట్టి నోట్లె పోస్తరు. రెండు రోజులకు కూన పోతది. "మనిషి చెయ్యి తగిలింది, ఇంకెట్ల బతుకుతది" అంటరు. తప్పు చేతిది కాదు. చల్లబడ్డ కూనకు పాలు పోసుడు మొదటి తప్పు, పండవెట్టి పోసుడు రెండోది, బర్రెపాలు మూడోది.

ఒక్కొక్కటి చెప్త. అప్పుడే పుట్టిన కూన 100 గ్రాముల అటు ఇటు ఉంటది. మొదటి వారం దానికి వణుకు గూడ రాదు, ఒంటి వేడిని అది కాపాడుకోలేదు. ఒళ్లు చల్లబడితే పేగులు కదలవు. అప్పుడు పోసిన పాలు అరగక కడుపులనే ఉండి పులుస్తయి, పొట్ట ఉబ్బుతది. అందుకని పాలసీసా పట్టేముందు నీ చిటికెన వేలు దాని నోట్లె పెట్టి చూడు. నోరు వెచ్చగ ఉంటేనే పాలు. చల్లగ ఉంటే, అది ఎంత అరిచినా ఒక్క చుక్క పొయ్యకు. నీ స్వెటర్ లోపల ఒంటికి ఆనించి పెట్టుకో, లేకుంటే వేడినీళ్ల సీసాకు రెండు మడతల గుడ్డ చుట్టి పక్కన పెట్టు. గంటో రెండు గంటలో పట్టనియ్యి. పొయ్యి దగ్గర, హీటర్ ముందర పెట్టి తొందర చెయ్యకు, వేడి ఒక్కసారే ఎక్కితే గూడ పానం పోతది. సీసా పెట్టెల ఒక దిక్కే ఉండాలె, వేడెక్కువైతే అవి పాకుకుంట అవతలికి పోతయి. మొదటి వారం పెట్టె లోపల 30 నుంచి 32 డిగ్రీలు ఉండాలె. ఆ తర్వాత వారం వారం కొంచెం తగ్గించుకుంట రావచ్చు. నీళ్లు చల్లారినయంటే ఆ సీసానే వాటి వేడి గుంజుకుంటది, యాది పెట్టుకో.

పాలు పట్టేటప్పుడు బోర్ల ఉంచాలె, తల్లి దగ్గర తాగే తీరుగ. ఎల్లెలకల పడుకున్న కూనకు పాలు ఊపిరితిత్తులకు పోతయి. ముక్కుల నుంచి పాల బుడగలు వస్తే ఆపెయ్యి, తల కొంచెం కిందికి వంచి తుడువు, ఆ రోజే డాక్టరుకు చూపించు.

బర్రెపాలు, ఆవుపాలు, ప్యాకెట్ పాలు ఏవీ వద్దు. పిల్లిపాలల్ల మాంసకృత్తులు మన పాలకంటె చానా ఎక్కువ. మన పాలల్ల ఉండే చక్కెర వీటికి అరగక పారుడు పట్టుకుంటది. 100 గ్రాముల పానానికి పారుడు పట్టిందంటే ఒక్క పూటల ఒంట్ల నీరంతా పోతది. పెట్ షాపులల్ల పిల్లికూనల పాలపొడి అని అమ్ముతరు, కుక్కలది గాదు, పిల్లులదే అడుగు. డబ్బా మీద రాసిన కొలతల కలుపు. చిక్కగ కలిపితే బలమొస్తదనుకోకు. 100 గ్రాముల కూనకు పూటకు 3, 4 మిల్లీలీటర్లు, మొదటి వారం రెండు మూడు గంటలకొకసారి, రాత్రి గూడ. రెండో వారం మూడు నాలుగు గంటలకొకసారి. అంటే నీకు నిద్ర ఉండదు. రూమ్మేటుతోని వంతులు వేసుకో, పరీక్ష హాలుల కునికితే ఈ పెద్దబాపు ఏం జెయ్యలేడు.

తాగినంక గోరువెచ్చని నీళ్లల్ల తడిపిన దూదితోని పొట్ట కింద, తోక కింద మెల్లగ అద్దు. తల్లయితే నాకి చేయించేది ఇదే. మూడు వారాల దాక అవి తమంతట తాము ఉచ్చ పొయ్యలేవు.

కూరగాయలు తూచే చిన్న డిజిటల్ తూకం కొనుక్కో. దినాం పొద్దుగాల పాలు పట్టకముందే ఒక్కొక్కదాన్ని తూచి రాయి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలె, పది రోజుల లోపల పుట్టిన బరువుకు రెండింతలు గావాలె. ఒక రోజు పెరగకపోతే కన్నేసి ఉంచు. తగ్గితే మాత్రం తెల్లారి చూద్దామనకు, ఆ పూటనే డాక్టరు దగ్గరికి ఉరుకు. మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉన్నది గద.

మిగతాది వాటంతటవే జరుగుతది. 7 నుంచి 14 రోజుల నడుమ కండ్లు తెరుచుకుంటయి. నువ్వు వేళ్లు పెట్టి తెరవకు. మూసిన రెప్ప కింద ఉబ్బి చీము కనిపిస్తేనే డాక్టరు పని. అన్నిటి కండ్లు నీలంగనే ఉంటయి, అసలు రంగు 6, 7 వారాలకు మొదలయితది. మూడో వారం తూలుకుంట నడుస్తయి, ముందరి పాలపండ్లు వస్తయి. నాలుగో వారానికి దాదాపు 450 గ్రాములు, గోర్లు లోపలికి గుంజుకుంటయి, అంచు తక్కువున్న ట్రేల మెత్తని ఇసుక పోస్తే అవే తవ్వుకుంటయి. అప్పుడు ఆ పొడి కలిపిన పాలల్లనే కూనల తిండి నానవెట్టి జావలెక్క పెట్టు. ఎనిమిదో వారానికి 900 గ్రాములు.

పెరుగన్నంతోని పెంచుతనంటవేమో, నీ సంగతి నాకెరుకే. పిల్లికి మాంసంల ఉండే టారిన్ అనే పోషకం తప్పనిసరి, అది లేకుంటే కండ్లు పోతయి, గుండె చెడుతది. ఎనుకట గరిసెల కాడ తిరిగే పిల్లులకు మనం పెట్టింది ఉత్త బువ్వనే, ఎలుకలు దొరికినయి గాబట్టి బతికినయి. నీ రూముల ఎలుకలెక్కడివి? చికెన్ ఉడకవెడితే ఉల్లిగడ్డ, ఎల్లిపాయ పడనియ్యకు, అవి వాటికి విషం.

రెండో వారం నుంచి ఏడో వారం దాక మనుషులు ఎత్తి ముద్దు చెయ్యాలె. ఆ వయసు దాటిపోతే మనిషి మీద భయం పోగొట్టుడు చానా కష్టం. వేళ్లతోని మాత్రం ఆడకు, కొరుకుడు అలవాటయితది. ఎవరడిగినా 8 వారాలకు ముందు ఇయ్యకు, 12 అయితే ఇంకా మంచిది. ఒకదాన్నొకటి కొరికి, అరిపించుకొని, ఎంత గట్టిగ కొరకొచ్చో అవి నేర్చుకునేది అప్పుడే.

కడుపులోని నులిపురుగుల మందు రెండో వారం నుంచి, బరువును బట్టి డాక్టరు చెప్పినంతే. టీకాలు 6, 8 వారాల నడుమ మొదలువెట్టి, 16 వారాల దాక మూడు నాలుగు వారాలకొకటి. రేబిస్‌ది మూడు నెలలకు.

జరమొచ్చిందని డోలో ముక్క వేస్తవేమో, పారాసిటమాల్ పిల్లిని చంపుతది. కుక్కల గోమార్ల మందు పుయ్యకు. నల్ల ఫినాయిల్‌తోని ఆ రూము తుడవకు, పాదాలకంటింది నాకుతయి.

నాలుగు నెలలప్పుడు బండల మీద పన్ను కనిపిస్తే గాబరా పడకు. 26 పాలపండ్లు రాలి, ఏడో నెలకు 30 గట్టి పండ్లు వస్తయి. అదే వయసుల ఆడది నేల మీద పొర్లుకుంట రాత్రంత అరిస్తే కడుపునొప్పి గాదు, ఎదకొచ్చినట్టు. పొట్ట పడితే రెండు నెలలల్ల ఈనుతది, నీ నాలుగు పన్నెండయితయి. అందుకే అయిదో నెలల ఆపరేషన్ చేయించు, ఆడదానికీ మగదానికీ. తోక ఎత్తి చూడు, రెండు రంధ్రాలు దగ్గరగ ఉంటే ఆడది, ఎడంగ ఉంటే మగది. ఏడాదికి ఎదుగుడు అయిపోతది, మగయి ఇంకో ఆర్నెల్లు ఒళ్లు చేస్తయి.

పండుగకు ఊరికొస్తే వాటిని బస్సుల తేకు, ఆ చలిగాలికి ఆగవు. నువ్వొస్తే ఎవరు చూస్తరో ముందే మాట్లాడుకో. ఎవరూ లేకుంటే రాకు, సకినాలు నేనే పంపిస్త. ఇంటి ఓనరుకు గూడ దాచకుండ చెప్పు, నాలుగో వారానికి అవి పెట్టె దాటి బయటికొస్తయి.

మీ పెద్దబాపు