పుట్టెడు దుఃఖం, పెందరాళే నిద్ర

సందేహం: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా అమ్మమ్మ 'పెందరాళే పడుకోండర్రా', 'పండక్కి ఇరస బియ్యం నానబోశాను', 'పాపం, పుట్టెడు దుఃఖంలో ఉంది' అంటుండేది. ఆవిడ పోయాక ఈ మాటలు మా ఇంట్లో వినబడడం లేదు. పుట్టెడు దుఃఖం అంటే పుట్టినప్పటి నుంచీ ఉన్న దుఃఖమా అని మా అబ్బాయి అడిగాడు. చెప్పలేకపోయాను. 'పుట్టి మునిగింది' అనేదీ ఇదీ ఒకటేనా? 'పెందరాళే' అని రాస్తే తప్పా? ఆవిడ వాడిన ఇత్తడి తవ్వ మాత్రం ఇంకా మా దగ్గరుంది. – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అబ్బాయికి వచ్చిన అనుమానం చాలామందికి వస్తుంది. ఈ పుట్టికి పుట్టుకతో సంబంధం లేదు. ఇది ధాన్యం కొలత. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలైతే మీ అమ్మమ్మగారి ఇరస, నాలుగైతే తూము. ఇరవై తూములు పుట్టి. అంటే పుట్టికి 80 కుంచాలు, మీ తవ్వతో అయితే 640 తవ్వలు. కుంచం ఊరికో రకంగా ఉన్నా మన వైపు లెక్క ఇదే. అంత ధాన్యం ఒక్క మనిషి నెత్తిన పెడితే ఎలా ఉంటుందో, అదీ పుట్టెడు దుఃఖం.

మునిగే పుట్టి వేరు. అది వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పైన తోలు కప్పిన గుండ్రటి పడవ. 'ఇప్పుడేం పుట్టి మునిగిందని?' అంటే ఆ పడవ గురించే.

పుట్టెడులో చివరి '-ఎడు' నాకు చాలా ఇష్టమైన ప్రత్యయం. 'అది పట్టేంత', 'అంత మేర' అని దాని అర్థం. గుప్పెడు, దోసెడు, చెంబెడు, జానెడు పొట్ట, బారెడు పొద్దు, గంపెడాశ, బండెడు చాకిరీ. ఇది పాతబడిపోయిందనుకోకండి. ఇవాళ్టికీ గ్లాసుడు మంచినీళ్ళు అంటాం, కప్పుడు కాఫీ అంటాం. గ్లాసూ కప్పూ ఇంగ్లీషు నుంచి వచ్చినా మన ప్రత్యయం వాటినీ కలుపుకుంది. కానీ కిలోకి ఇది అతకదు. 'కిలోడు పంచదార' అని ఎవరూ అనరు, 'లీటరుడు పాలు' అనీ అనరు. చేతికో కంటికో ఆనే కొలత అయితేనే '-ఎడు' పలుకుతుంది. కిలో చేతికి దొరికే వస్తువు కాదు, ఉత్త లెక్క.

తూముల లెక్కలో ఇంకో అందం ఉంది. రెండు తూములు ఇద్దుము, అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము. ఏదుములో ఉన్నది 'ఏను'. అయిదుకి అది పాత తెలుగు మాట. ఏనూరు అంటే అయిదువందలు, మనం రోజూ అనే ఏభైలో ఉన్నదీ అదే. పందుములోని 'పన్' పన్నెండులో ఉంది. లెక్కలు రాయడం రాని పాలికాపు కూడా ఈ మాటలు తడుముకోకుండా అనేవాడు.

చిన్నప్పుడు కళ్ళంలో ధాన్యం కొలవడం చూశాను. కొలిచే ఆయన కుంచాన్ని రాశిలోకి తోసి, నిండాక పైన అరచేత్తో రాసి చదును చేసి, గోనెలోకి వంచేవాడు. మొదటి కుంచానికి 'ఒకటి' అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. లాభం, రెండు, మూడు... ఆ గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది. ఇప్పుడు ధాన్యం బస్తాలకెత్తి కాటా మీద తూస్తున్నారు. కాటాకి 'లాభం' అనాల్సిన అవసరం లేదు.

కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూకాలు మొదలయ్యాయి. కుంచం పోయింది కాబట్టి ఇరసా పందుమూ పోయాయి. బాధగానే ఉంటుంది కానీ, దీనికి ఎవరినీ తప్పు పట్టలేం. పైగా సేద్యం మాటల్ని పట్టుకున్నవాళ్ళున్నారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్ళ నుంచి సేకరింపజేసిన వ్యవసాయ పదాల కోశం 1962లోనే అచ్చయింది.

నా బెంగంతా పెందరాళే గురించే. అది ఏ వృత్తికీ చెందిన మాట కాదు కాబట్టి, అలా వెతుక్కుంటూ వచ్చి రాసుకునేవాళ్ళు దానికి లేరు. దాన్ని ఏ చట్టమూ తీసెయ్యలేదు. త్వరగా తినడం, త్వరగా పడుకోవడం మానేశామా, అదీ లేదు. పల్లెటూరి మాటని మనమే నామోషీపడి వదిలేశాం. నిఘంటువుల్లో 'పెందలకడ' అని ఉంటుంది, వేకువనే, వేళకు ముందే అని అర్థం. నోటి వాడుకలో పెందలాడే, పెందరాడే, పెందరాళే అయింది. లకారం రకారంగా మారడం తెలుగులో మామూలే. కాబట్టి పెందరాళే అని నిక్షేపంగా రాయండి. తప్పు కాదు.

దాని బదులు 'తొందరగా' ఉంది కదా అంటారు. సరిపోదు. 'తొందరగా అన్నం తిను' అంటే గబగబా తినమని. 'పెందరాళే అన్నం తిను' అంటే పొద్దుపోకుండా తినమని, తినడం నెమ్మదిగానే తినొచ్చు. ఈ తేడా మనకి కావాలి. కావాలి కాబట్టే 'ఎర్లీగా' అంటున్నాం. మొన్న రావులపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకావిడ ఫోన్లో 'రేపు కొంచెం ఎర్లీగా వచ్చెయ్యండి వదినా' అంటోంది. మాట్లాడే తీరంతా మన గోదావరి తీరే. ఆ ఒక్క మాట దగ్గర నా ప్రాణం ఉసూరుమంది.

ఇక మీ ఇత్తడి తవ్వ. ఒక ఆదివారం బియ్యం డబ్బా ముందు మీ అబ్బాయిని కూర్చోబెట్టి, ఎనిమిది తవ్వలు బకెట్లోకి కొలిపించండి. అది కుంచం. అలాంటివి ఎనభై అయితే పుట్టి అని చెప్పండి. మొదటి తవ్వకి మాత్రం 'ఒకటి' అననివ్వకండి.