టెర్టులియన్ రాసింది క్షమాపణా?

సందేహం: చర్చి చరిత్ర మీద ఒక తెలుగు వ్యాసంలో, తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టులియన్ గురించి, ‘క్రీ.శ. 197లో టెర్టులియన్ రోమన్ అధికారులకు క్షమాపణ రాశాడు’ అని చదివాను. క్రైస్తవులు ఏం తప్పు చేశారని క్షమాపణ? ఆయన పుస్తకం పేరులోని ‘అపాలజీ’ అనే మాటకు ఆ అనువాదం సరైనదేనా?

సమాధానం: కాదండీ. ఆ ఒక్క మాటతో అర్థం పూర్తిగా తలకిందులైంది. గ్రీకులో ‘అపోలోజియా’ అంటే కోర్టులో ముద్దాయి తన తరఫున వినిపించే వాదన. ఇంగ్లీషులో కూడా మొదట అదే అర్థం, ‘సారీ’ అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌వాడైన టెర్టులియన్ పుస్తకంలో బతిమాలడం లేదు, ఉన్నదంతా నిలదీయడమే. మిగతా నేరస్థుల్ని నేరం ఒప్పుకోమని హింసిస్తారు, మమ్మల్ని మాత్రం ‘క్రైస్తవుణ్ని కాను’ అనమని హింసిస్తారు, ఇదేం విచారణ అంటాడు. అంతకుముందు ట్రాజన్ చక్రవర్తి గవర్నర్ ప్లినీకి జవాబు రాస్తూ, క్రైస్తవుల్ని వెతికి పట్టుకోవద్దు, ఎవరైనా తెచ్చి అప్పగిస్తే, నేరం రుజువైతే మాత్రం శిక్షించు అన్నాడు. నేరస్థులైతే ఎందుకు వెతకరు, కాకపోతే ఎందుకు శిక్షిస్తారు అని టెర్టులియన్ దాన్నీ వదల్లేదు. చక్రవర్తి క్షేమం కోసం మా దేవుణ్ని ప్రార్థిస్తాం, ఆయన్నే దేవుడని మాత్రం అనం అని తేల్చి చెప్పాడు. అలాంటి మనిషి చేత క్షమాపణ చెప్పించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అంతకు సుమారు నలభై ఏళ్ల ముందు అంటోనినస్ పయస్ చక్రవర్తికి జస్టిన్ అనే మరో క్రైస్తవ రచయిత రాసిందీ ఇదే దారి: విచారించండి, తప్పు రుజువైతే శిక్షించండి, ఊరికే పేరు చూసి కాదు.

మరి తెలుగులో ఏమనాలి? ‘సంజాయిషీ’ కుదరదు, అది పై అధికారి అడిగితే కింది ఉద్యోగి ఇచ్చుకునేది. తెలుగు బైబిల్లో 1 పేతురు 3:15లో ఇదే గ్రీకు మాటకు ‘సమాధానము’ అని వేశారు, అక్కడ అతికినట్టు సరిపోయింది కూడా. కానీ అదే బైబిల్లో శాంతికీ ‘సమాధానము’ అనే వాడారు కాబట్టి, పుస్తకం పేరుగా పెడితే టెర్టులియన్ రోమ్‌తో రాజీపడ్డాడని చర్చికి వెళ్లేవాళ్లు అనుకోవచ్చు. నేనైతే ‘సమర్థన’ అంటాను, రాసినవాళ్లని ‘విశ్వాస సమర్థకులు’ అంటాను. మీరు చదివిన వాక్యాన్ని ‘టెర్టులియన్ క్రైస్తవుల తరఫున రోమన్ అధికారులకు సమర్థన రాశాడు’ అని దిద్దుకోండి.