వాయిస్ బిట్లలో మార్కులు ఎక్కడ పోతున్నాయంటే

బుజ్జీ,

నువ్వు పంపిన ఇంగ్లీషు పేపర్ ఫోటో చూశాను, యాక్టివ్ వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చమనే వాయిస్ బిట్ల గురించే ఈ ఉత్తరం. సబ్జెక్టునీ ఆబ్జెక్టునీ అటూ ఇటూ మార్చేసి మధ్యలో 'బై' పెట్టగానే పని అయిపోయిందనుకుంటున్నావు, తీరా క్రియ దగ్గర ఏదో ఒకటి రాసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతున్నావు. నీ మార్కులన్నీ పోయింది అక్కడే.

వాక్యం చూడగానే క్రియ కింద గీత గీసి, అది ఏ టెన్సో ముందు తేల్చు. ఆ టెన్స్‌ని పాసివ్‌లో చూపించేది 'బీ', అంటే ఈజ్, వాజ్, బీన్ లాంటివి. అసలు క్రియ మాత్రం ఎప్పుడూ వీ త్రీలోనే, అంటే రైట్, రోట్, రిటెన్‌లో మూడోదైన 'రిటెన్' లాంటి రూపంలోనే ఉంటుంది. 'రవి రైట్స్ ఎ లెటర్' అంటే 'ఎ లెటర్ ఈజ్ రిటెన్ బై రవి', అదే 'రోట్' అయితే 'వాజ్ రిటెన్', 'విల్ రైట్' అయితే 'విల్ బీ రిటెన్', 'హ్యాజ్ రిటెన్' అయితే 'హ్యాజ్ బీన్ రిటెన్', 'కెన్ రైట్' అయితే 'కెన్ బీ రిటెన్'. చూశావా, రిటెన్ ఎక్కడా కదల్లేదు. 'ఈజ్ రైటింగ్'కి నువ్వు 'ఈజ్ రిటెన్' అని రాశావు, ఆ ఐఎన్‌జీ ఏమైపోయినట్టు? అది 'బీ'కి చేరి 'బీయింగ్' అవుతుంది, కాబట్టి 'ఈజ్ బీయింగ్ రిటెన్'.

ఇంకోటి, 'సీత వాటర్స్ ద ప్లాంట్స్' అన్నదాన్ని 'ద ప్లాంట్స్ ఈజ్' అని మొదలుపెట్టావు. సీత ఒక్కతే, నిజమే, కానీ ఇప్పుడు ముందుకొచ్చింది మొక్కలు కదా, 'ఆర్ వాటర్డ్' అనాలి.

అసలు ఆబ్జెక్టే లేకపోతే మార్చడానికేం లేదు, 'హీ స్లీప్స్' అనేదానితో కుస్తీ పట్టకు. 'దేనిని', 'ఎవరిని' అని అడిగితే జవాబు రావాలి. అలా వచ్చినా 'హీ హ్యాజ్ ఎ బైక్' లాంటివి మారవు, వాటిని వదిలెయ్. ఐ 'మీ'గా, హీ 'హిమ్'గా మారే సంగతి నీకు బాగానే వచ్చు. ప్రశ్నల్లో 'డిడ్' ఉంటే అది పోయి 'వాజ్' గానీ 'వర్' గానీ ముందుకొస్తుంది: 'డిడ్ రవి బ్రేక్ ద గ్లాస్?' అనేది 'వాజ్ ద గ్లాస్ బ్రోకెన్ బై రవి?' అవుతుంది.

'సమ్‌వన్ స్టోల్ మై సైకిల్' అన్నప్పుడు 'బై సమ్‌వన్' అని తోక తగిలించక్కర్లేదు. ఎవరో తెలియకే కదా ఇక్కడ పాసివ్ వాడేది, 'మై సైకిల్ వాజ్ స్టోలెన్' చాలు.

ప్రతిదాన్నీ 'చేత', 'బడు' పెట్టి తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చే అలవాటు మాత్రం మానుకో. 'అన్నం నాచేత తినబడింది' అని మనిళ్లలో ఎవరైనా అంటారా? మన చెవికి పాసివ్ అలవాటు లేదు, ఇంగ్లీషువాళ్లకేమో అది రోజూ వాడే మాటే. మీ కెమిస్ట్రీ రికార్డే తీసి చూడు, 'ద సొల్యూషన్ వాజ్ హీటెడ్' అనే ఉంటుంది. ఇంగ్లీషు పేపర్లో ప్రమాదాల వార్తలు చదువు, 'వర్ ఇంజ్యూర్డ్', 'వర్ టేకెన్ టు హాస్పిటల్' తగులుతూనే ఉంటాయి. అవి పైకి చదివితే టెన్స్‌ల టేబుల్ బట్టీ పట్టినదానికంటే ఎక్కువ నిలుస్తుంది, నన్నడిగితే ఆ పన్నెండు గళ్ల టేబుల్ చింపేసినా నష్టం లేదు.

వీ త్రీలు మాత్రం నోటికి రావాల్సిందే, అందులో తప్పించుకునే దారి లేదు. కట్, పుట్ మారవు, రీడ్ స్పెల్లింగ్ అదే ఉండి పలకడం 'రెడ్' అవుతుంది. 'ఈజ్' ఐఎన్‌జీ వాక్యాలు ఓ పది నువ్వే తయారుచేసి, మార్చి, ఆదివారంలోపు ఫోటో తీసి పంపు, దిద్ది పెడతాను.

మీ పెదనాన్న