సోలార్‌తో పాటు బ్యాటరీ కూడా పెట్టించుకోవాలా?

తిరుపతిలో పైన ఇల్లు, కింద షాపు ఉన్నాయి, 3 కిలోవాట్ల సోలార్‌కి ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా నేరుగా లైన్ కరెంటుకు కలిపేది) సరిపోతుందా, ఇన్వర్టరూ బ్యాటరీ ఒకే పెట్టెలో వచ్చే హైబ్రిడ్ తీసుకోవాలా అని అడిగారు. మాది చిత్తూరు. మాకూ పైన ఇల్లు, కింద మందుల షాపు. హైబ్రిడ్ వాడుతున్నాం.

ఆన్‌గ్రిడ్‌లో లైన్ కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నం ఎండ మాడుస్తున్నా సరే, సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని అలా పెడతారు. మీ వీధిలో కోతలు పెద్దగా లేకపోతే, బిల్లు తగ్గడమే కావాలంటే, ఆన్‌గ్రిడ్ చాలండి. బ్యాటరీకి డబ్బు పెట్టొద్దు. మా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. వేసవిలో గాలివానకు కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే బ్యాటరీ పెట్టించాం.

బ్యాటరీ ఎంతది కావాలన్నది ప్యానెళ్లను చూసి కాదు, కరెంటు లేనప్పుడు ఏవేవి నడవాలో చూసి తేల్చుకోండి. 5 యూనిట్ల కరెంటు పట్టే లిథియం బ్యాటరీ మీద ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, లైట్లు, వైఫై రాత్రంతా నడుస్తాయి. అదే టన్నున్నర ఏసీ వేస్తే మూడు గంటలు రావడం కూడా కష్టమే.

వైరింగ్ రోజు మాత్రం తప్పకుండా దగ్గరుండండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడవాల్సిన వాటికి బ్యాకప్ లైన్ విడిగా లాగుతారు. మా ఎలక్ట్రీషియన్ బోరు మోటారును కూడా అందులోనే కలిపేశాడు. కరెంటు లేనప్పుడు మోటారు వేయగానే ఇన్వర్టర్ కీమని మోగి, ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోయింది. దాంతో పాటే ఫ్రిజ్ కూడా. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. దాన్ని మెయిన్ లైన్‌కి మార్పించాక ఆ టెన్షన్ పోయింది.

ఒకే పెట్టె అయితే బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ పొసగలేదన్న గొడవ ఉండదు. కానీ చెడిపోతే మొత్తం సర్వీసుకు పోతుంది. అప్పుడు ఇల్లు నేరుగా లైన్ కరెంటు మీద నడిచేలా బైపాస్ స్విచ్ పెట్టమని ముందే అడగండి. పెట్టెను మేడ మీద రేకుల కింద పెట్టనివ్వకండి, మన ఎండలకు లిథియం త్వరగా దెబ్బతింటుంది. ఇళ్ల సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ ప్యానెళ్ల కెపాసిటీని బట్టి ఇచ్చేదే, బ్యాటరీ పెట్టినంత మాత్రాన పెరగదు.

బ్యాకప్‌లో ఏవేవి ఉండాలో ఇక్కడ రాయండి, లోడ్ లెక్క వేసి చెప్తాను.