ఆరు బడుల ఫైలు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

సెర్జియో మత్తరెల్లా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పలెర్మో యూనివర్సిటీలో లా ప్రొఫెసర్, 1983లో ఎంపీ, తర్వాత మంత్రి, 2011లో రాజ్యాంగ న్యాయస్థానం జడ్జి, 2015లో ఇటలీ అధ్యక్షుడు. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చదువుతుంటే మాత్రం ఎవరిదో సర్వీస్ రిజిస్టర్ తిరగేస్తున్నట్టుంది. ఏ కుర్చీ తర్వాత ఏ కుర్చీ వచ్చిందో తెలిసింది గానీ, మనిషి కనిపించలేదు.

సెర్జియో అన్నయ్య పియెర్‌సాంతిని ఒక్క వాక్యంలో దాటేశావు. నీ వ్యాసం అక్కడే ఉందిరా. ఆయనా పలెర్మోలో లా పాఠాలు చెప్పినవాడే. 1978లో, పలెర్మో ఉన్న సిసిలీ ప్రాంతానికి అధ్యక్షుడయ్యాడు. అది మన ముఖ్యమంత్రిలాంటి పదవి అని మొదట్లోనే చెప్పెయ్. లేకపోతే అన్నా అధ్యక్షుడే, తమ్ముడూ అధ్యక్షుడే అని చదివేవాళ్లు తికమకపడతారు.

ఆయన పట్టుమని రెండేళ్లు కూడా పాలించలేదు. ఆ కాస్త కాలంలోనే ప్రభుత్వ పనుల కాంట్రాక్టులకు కొత్త చట్టం తెచ్చాడు. సిసిలీ కాగితాలన్నీ సక్రమంగా ఉండాలన్నది ఆయన పదేపదే చెప్పిన మాట. పలెర్మోలో ఆరు బడులు కట్టడానికి టెండర్లు పిలిస్తే, ఒక్కోదానికి ఒక్క కంపెనీయే వచ్చింది. కాంట్రాక్టర్లు సిండికేట్ అయ్యారని మనం రోజూ పేపర్లో చదివేదే. కానీ అక్కడ ఆ సిండికేట్ వెనక ఉన్నది మాఫియా. అది తెలిసీ ఆయన ఆ ఫైళ్ల మీద తనిఖీకి ఆదేశించాడు. నువ్వు ఒక పేజీ అంతా ఆగాల్సింది ఇక్కడ. ధైర్యవంతుడు అని నాలుగుసార్లు రాశావే, ఆ నాలుగూ కొట్టేసి ఈ ఒక్క తనిఖీ సంగతి రాయి.

1980 జనవరి 6. ఎపిఫనీ పండుగ. ఇంటివాళ్లతో చర్చికి బయల్దేరి కారెక్కిన మనిషిని ఇంటి ముందే కాల్చేశారు. అప్పటికి 44 ఏళ్లు. తుపాకీ చప్పుళ్లు, రక్తపు మడుగులు నీకు వద్దు. ఆ రోజు లెతీజియా బత్తాలియా తీసిన ఫోటో ఒకటుంది, కాసేపు దాని ముందు కూర్చో. కారులోంచి అన్నను బయటికి తీస్తున్నాడు సెర్జియో. నువ్వు రాస్తున్న ప్రొఫెసర్ అతనే.

అన్న చావే తమ్ముణ్ణి రాజకీయాల్లోకి తెచ్చిందని తేల్చెయ్యకు. మూడేళ్లకు ఎంపీ అయ్యాడని చెప్పి ఊరుకో, మిగతాది పాఠకుడు అర్థం చేసుకుంటాడు. విద్యామంత్రిగా ఉండి, టీవీ ఛానళ్ల చట్టం నచ్చక 1990లో రాజీనామా చేసిన సంగతి మాత్రం వదలొద్దు. అన్నదమ్ముల పోలిక అందులో దొరుకుతుంది. జడ్జిగా పనిచేసిన కాలానికి ఒక పేరా చాలు. ఆ కోర్టులో 15 మంది జడ్జీలు, వాళ్ల ముఖ్యమైన పని చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో చూడటం, ఈయన్ని ఎన్నుకున్నది పార్లమెంటు. ఈ మూడూ చెబితే సరిపోతుంది.

ఇంకొక్కటి. హత్యకు ఆదేశించిన మాఫియా పెద్దలకు 1995లో శిక్ష పడింది. కాల్చినవాళ్లకు మాత్రం ఏ కోర్టులోనూ పడలేదు. దీన్ని ఫుట్‌నోట్‌లో పెట్టకు, కథలోనే రాయి.

మళ్లీ రాశాక మొదటి రెండు పేజీలు చాలు, పంపు. ఆ ఆరు బడులు వాటిలోనే కనిపించాలి.

మీ అన్నయ్య