పంపు విప్పించే ముందు: పాత బెంజ్ డీజిల్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ చెన్నై పాఠకులవే. సగానికి పైగా ఉత్తరాల్లో ఒకే మాట: "డీజిల్ పంపు ఓవర్‌హాల్ చేయాలంటున్నారు, చేయించమంటారా?" ఈ బళ్లలో డీజిల్‌ను ప్రెషర్‌తో సిలిండర్లకు కొట్టే బాష్ ఇన్‌లైన్ పంపు కామ్ (పంపును నడిపే ఇరుసు) ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. వేళకు ఆయిల్ మార్చి, నీళ్లు లేని డీజిల్ పోస్తే అంత తేలిగ్గా చెడదు. దాన్ని విప్పడం ఆఖరి పని. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ప్రశ్న: మాది 124 బాడీ (బెంజ్ మోడల్ కోడ్), 250 డీజిల్. ఉదయం పూట పది పన్నెండు సెకన్లు సెల్ఫ్ కొడితేగానీ అందుకోదు. అందుకున్నాక అరనిమిషం వణికి, తెల్లపొగ వదిలి సర్దుకుంటుంది. వేడి మీద మాత్రం తాళం తిప్పగానే స్టార్టవుతుంది. పంపు కాలిబ్రేషన్ చేయించమంటున్నారు. (పెరంబూరు)

జవాబు: ఇప్పుడే వద్దు. పంపు అరిగితే ముందు వేడి మీద మొరాయిస్తుంది. వేడెక్కిన డీజిల్ పలచబడి ప్లంజర్ (పంపులో డీజిల్‌ను తోసే కడ్డీ) పక్కనుంచి జారిపోతుంది గనక, డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర ప్రెషర్ నిలవదు. మీ బండి తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంది.

రేపు ఉదయం ఒక మనిషిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ అందుకోకముందే తెల్లగా, ఘాటుగా పొగ వస్తోందా? అయితే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండడం లేదు. అది హీటర్ ప్లగ్గుల (స్టార్టుకు ముందు ఇంజన్ లోపల వేడి పుట్టించేవి) లోపం. పొగ అసలు రాకుండా చాలాసేపు తిరిగి, అందుకుని, ఆగి, మళ్లీ అందుకుంటే రాత్రంతా డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారి లైన్లో గాలి చేరిందన్నమాట. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే.

చెన్నైలో చలెక్కడ, హీటర్ ప్లగ్గులెందుకు అని కొందరు మెకానిక్కులు వాటిని పట్టించుకోరు. ఈ ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లో ఉన్న చిన్న గదిలో పడుతుంది. చల్లగా ఉన్న ఆ గది గోడలు కంప్రెషన్ వేడిని లాగేసుకుంటాయి. అందుకే మార్గళి మాసం (డిసెంబరు-జనవరి) ఉదయాలకే కాదు, మే నెలలో రాత్రంతా ఆగిన ఇంజన్‌కీ ప్లగ్గు వేడి కావాలి. సిలిండర్‌కొకటి చొప్పున ఉన్న అయిదు ప్లగ్గుల్లో ఒకటో రెండో పోతే మిగతా సిలిండర్లు బండిని లేపుతాయి, పోయినవి వేడెక్కేదాకా వణుకు తప్పదు.

పరీక్షకు ఖర్చేమీ లేదు. ప్లగ్గు తల మీద 8 ఎంఎం నట్టు తీసి వైరు పక్కకు పెట్టండి. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ప్లగ్గు మొనకు తాకించండి. వెలిగితే ప్లగ్గులో తీగ తెగలేదు, వెలగకపోతే అది పోయినట్టే. మల్టీమీటర్ ఉంటే మంచి ప్లగ్గు ఒక ఓమ్ లోపే చూపిస్తుంది. అయిదూ బాగుంటే వాటికి కరెంటు ఇచ్చే రిలే మూత తీసి లోపల ఉన్న 80 ఆంపియర్ల రేకు ఫ్యూజు చూడండి. వెంట్రుకంత చీలిక కంటికి ఆనదు, మీటర్ పెట్టాల్సిందే.

ప్లగ్గులు మార్చేటప్పుడు అయిదూ ఒకేసారి మార్చండి. కానీ ముందు ఇంజన్ నంబరు చూసుకోండి. 602తో మొదలైతే పది వాల్వుల ఇంజన్, ప్లగ్గులు 12 ఎంఎం డీప్ సాకెట్‌తో వస్తాయి, బిగింపు 20 న్యూటన్ మీటర్లు. 605తో మొదలైతే ఇరవై వాల్వులది. అక్కడ జాగ్రత్త. ప్లగ్గులు సన్నవి, ఏళ్ల తరబడి కార్బన్ పట్టి హెడ్‌లో ఇరుక్కుపోతాయి, బలం చేస్తే మధ్యలో తెగుతాయి. తెగిన ముక్క తీయడానికి హెడ్ దించాల్సి రావచ్చు. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. ఇంజన్ వేడి మీద కొంచెం వదులు, కొంచెం బిగింపు అంటూ ఆడించి తీయించండి. కదలనంటే ఆ రోజుకు వదిలేయడమే మంచిది. తీశాక రంధ్రంలోని కార్బన్‌ను రీమర్‌తో (రంధ్రం గీకే పనిముట్టు) శుభ్రం చేయకుండా కొత్తది దిగ్గొట్టొద్దు.

అన్నీ మార్చినా వణుకు ఉంటే కంప్రెషన్ చూపించండి. ఈ ఇంజన్లకు కొత్తలో 26 నుంచి 32 బార్ ఉంటుంది. 18కి తగ్గినా, సిలిండర్ల మధ్య తేడా 3 దాటినా రింగులో వాల్వులో అరిగాయని అర్థం.

ప్రశ్న: డీజిల్ ఫిల్టర్ మార్చినప్పటినుంచి బండి లేవడం లేదు. 602 ఇంజన్. బ్యాటరీ కూడా దిగిపోయింది. (విల్లివాక్కం)

జవాబు: ఖాళీ ఫిల్టర్ బిగించి ఉంటారు. ఈ ఇంజన్‌కు చేతి పంపు లేదు, ట్యాంకునుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపే గాలిని తోయాలి. బ్యాటరీ నిండా చార్జి చేసి, ఫిల్టర్ విప్పి, శుభ్రమైన డీజిల్ అంచుదాకా పోసి, నడిమి బోల్టుకు కొత్త ఓ-రింగు వేసి బిగించండి. సెల్ఫ్ ఒకసారికి ఇరవై సెకన్లు మించకూడదు, మధ్యలో ఒక నిమిషం ఆగండి. అయినా లేవకపోతే నాజిళ్ల దగ్గర 14 ఎంఎం పైపు నట్లు అరచుట్టు వదులు చేసి, డీజిల్ బొట్లు కనబడేదాకా తిప్పి, బిగించండి. పంపుకు ముందుండే పారదర్శకమైన చిన్న ఫిల్టర్‌ను కూడా ఇప్పుడే మార్చేయండి. ఇంజన్ నడుస్తుండగా అందులోంచి, దాని పైపులోంచి బుడగలు ఆగకుండా వెళ్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. నాజిళ్ల మధ్య ఉండే నూలు అల్లిక రిటర్న్ పైపులు చెమర్చి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. మీటరు పైపు కొని ముక్కలు కోసి వేసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: 123 బాడీ 300 డీ, ఆటోమేటిక్. తాళం తీసేసినా ఇంజన్ ఆగదు. డోర్ లాకులు నెమ్మదిగా పడుతున్నాయి, గేరు మారేటప్పుడు గుద్దినట్టవుతోంది. పంపులో లోపమన్నారు. (అడయారు)

జవాబు: మూడూ ఒకే జబ్బు, వ్యాక్యూమ్ (గాలి లాగేసిన పైపుల్లోని పీల్పు) లీకు. ఈ బండిలో ఇంజన్‌ను ఆపేది కరెంటు కాదు. తాళం తిప్పితే స్విచ్చి వెనకున్న వాల్వు తెరుచుకుని, డీజిల్ పంపు మీదున్న షటాఫ్ డబ్బీకి వ్యాక్యూమ్ వెళ్లి డీజిల్ ఆపుతుంది. అదే వ్యాక్యూమ్ డోర్ లాకులకు, గేర్‌బాక్స్ మాడ్యులేటర్‌కు (గేరు మెత్తగా మారేలా చూసేది) కూడా వెళ్తుంది.

ముందు ఇంజన్ ఆపే దారి తెలుసుకోండి. బానెట్ కింద స్టాప్ అని రాసిన లివర్ ఉంటుంది, దాన్ని నొక్కిపట్టండి. ఆటోమేటిక్ కాబట్టి గేరేసి బ్రేకు తొక్కి ఆపడం కుదరదు.

తర్వాత షటాఫ్ డబ్బీకి వచ్చే గోధుమరంగు పైపు ఊడదీసి, ఇంజన్ నడుస్తుండగా చేతి వ్యాక్యూమ్ పంపు తగిలించి, దాని మీటర్‌లో 15 అంగుళాలు (పాదరసం) వచ్చేదాకా లాగండి. ఇంజన్ ఆగి, ముల్లు అక్కడే నిలిస్తే డబ్బీ బాగుంది. ముల్లు జారిపోతే లోపలి పొర చిరిగింది. ఊడదీసిన పైపులో నల్లటి ఆయిల్ ఉన్నా అదే అర్థం. ఆ ఆయిల్ పాకి తాళం స్విచ్చిని, డోర్ల రబ్బర్లను కూడా పాడుచేస్తుంది. డబ్బీ వెంటనే మార్చండి.

డబ్బీ బాగుంటే డోర్లకు వెళ్లే పసుపు పైపు తీసి, చివర ఒక స్క్రూ గుచ్చి మూసేయండి. ఇప్పుడు తాళంతో ఇంజన్ టక్కున ఆగితే లీకు డోర్లలోనే. ఒక్కో డోరు పైపు ఇలాగే మూసుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతుంది. డోర్ ప్యాడ్ వెనకున్న డబ్బీ రబ్బరు చిరగడమో, ఎండకు గట్టిపడ్డ రబ్బరు జాయింటు పగలడమో అయి ఉంటుంది. డీజిల్ ట్యాంకు మూత లాకును మరవకండి, చాలామంది దాన్ని చూడరు.

మాడ్యులేటర్ పైపు కూడా ఒకసారి ఊడదీసి చూడండి. లోపల ఎర్రటి ఆయిల్ ఉంటే పొర చిరిగి, గేర్ ఆయిల్ ఇంజన్‌లోకి వెళ్లి కాలుతోంది. అప్పుడు గేర్ ఆయిల్ కారిన జాడ లేకుండానే తగ్గుతుంది.

ఇంకొకటి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. బ్రేకు బూస్టర్‌కూ (పెడల్‌కు బలం చేర్చేది) వ్యాక్యూమ్ ఇక్కడినుంచే. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి వీధిలోకి తీయొద్దు.

ప్రశ్న: 240 డీ. స్టార్టింగ్ రోజురోజుకూ కష్టమవుతోంది. ట్యాపెట్ చప్పుడు లేదు కాబట్టి వాల్వులు బాగున్నట్టేనని మెకానిక్ అంటున్నాడు. (తాంబరం)

జవాబు: తలకిందులుగా చెప్పాడు. ఈ పాత ఇంజన్లలో వాల్వు సీటులోకి కుంగేకొద్దీ, దానికీ దాన్ని నొక్కే చెయ్యికీ మధ్య సందు తగ్గిపోతుంది. బిగుసుకున్న వాల్వు చప్పుడు చేయదు, పూర్తిగా మూసుకోకుండా కంప్రెషన్ వదిలేస్తుంది, చివరికి అంచు కాలిపోతుంది. 615, 616, 617 ఇంజన్లకు హైడ్రాలిక్ ట్యాపెట్లు (సందును తమంతట సర్దుకునేవి) లేవు, సుమారు 24,000 కిలోమీటర్లకోసారి సెట్టింగ్ చేయాలి. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.10 ఎంఎం, ఎగ్జాస్ట్ 0.30 ఎంఎం. రెండు 14 ఎంఎం స్పానర్లు, ఫీలర్ గేజి చాలు. ఇంజన్‌ను క్రాంక్ బోల్టుతో, తిరిగే దిక్కుకే తిప్పండి. కామ్‌షాఫ్ట్ బోల్టు పట్టుకుని తిప్పితే అది వదులవుతుంది.

ప్రశ్న: 124 డీజిల్. మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే టెంపరేచర్ ముల్లు 110 దాటుతోంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పరుగులో అదే 85 దాటదు. (మైలాపూరు)

జవాబు: పరుగులో గాలి దానంతటదే వస్తుంది, నిలబడితే ఫ్యాను లాగాలి. కాబట్టి విస్కస్ ఫ్యానునే (వేడెక్కితే క్లచ్ పట్టుకుని గట్టిగా తిరిగేది) ముందు అనుమానించండి. ముల్లు 100 దగ్గరకు వచ్చాక బానెట్ ఎత్తి వినండి. పనిచేసే ఫ్యాను లారీలా హోరెత్తుతుంది. హోరు లేకపోయినా, క్లచ్ ముఖం మీద జిడ్డు కారి ఉన్నా మార్చండి. ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులో ఏళ్లనాటి దుమ్ము పేరుకుని ఉంటుంది. బయటినుంచి నీళ్లు కొడితే పోదు, రెంటినీ విడదీసి ఇంజన్ వైపునుంచి కడగాలి. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (కూలెంట్ పోసే డబ్బా) మూత మీద 140 అని ఉండాలి, అంటే 1.4 బార్. బజారు మూతలు ఇంత ప్రెషర్ పట్టవు.

బోరు నీళ్లు పోసే అలవాటుంటే మానండి. మన బోర్ల ఉప్పు రేడియేటర్ గొట్టాలను పూడ్చేసి అల్యూమినియం హెడ్‌ను తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, బెంజ్‌కు సరిపడే నీలం కూలెంట్ సగం సగం. 240 డీ లాంటి వాటికి ఇనుప హెడ్ కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. మీది అల్యూమినియం, ఒక్కసారి మరిగినా చీలవచ్చు. ముల్లు 115 చూపితే ఏసీ కట్టేసి, హీటర్ పూర్తిగా తెరిచి, పక్కకు ఆపండి.

ప్రశ్న: వానలకు బండి సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాయి. ఒకసారి స్టార్ట్ చేసి చూడమంటారా? (వేళచ్చేరి)

జవాబు: తాళం ముట్టుకోకండి. 2015 డిసెంబరులోనూ, 2023లో మిచౌంగ్ తుపానప్పుడూ మీ వైపు చాలా ఇంజన్లను చంపింది వరద కాదు, ఆ తర్వాత "ఒక్కసారి" కొట్టిన సెల్ఫ్. ఈ ఇంజన్ల కంప్రెషన్ నిష్పత్తి 22కి 1 దరిదాపుల్లో ఉంటుంది. పిస్టన్ మీద కొద్దిపాటి నీళ్లున్నా అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

బ్యాటరీ మైనస్ తీసేయండి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగలా ఉందా చూడండి. హీటర్ ప్లగ్గులన్నీ తీసి, క్రాంక్ బోల్టుకు 27 ఎంఎం సాకెట్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. నీళ్లుంటే రంధ్రాల్లోంచి చిమ్ముతాయి, మొహం పక్కకు పెట్టుకోండి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ మార్చాలి, డీజిల్ ట్యాంకు దించి కడగాలి. డిఫరెన్షియల్‌కూ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) గాలి రంధ్రం ఉంటుంది, నీళ్లు వెళ్లే ఉంటాయి. 14 ఎంఎం ఆలెన్ కీతో ముందు పైన ఉన్న ఫిల్లర్ ప్లగ్గు తీయండి. కిందిది ముందు తీసి, పైది రాకపోతే ఆయిల్ ఎలా పోస్తారు? కార్పెట్ కింద స్పాంజి పూర్తిగా బయటికి తీసి ఎండబెట్టకపోతే వచ్చే ఏటికి ఫ్లోర్ రేకు చిల్లులు పడుతుంది.

ప్రశ్న: ఏ ఆయిల్ పోయాలి? మార్చిన మర్నాడే నల్లబడుతోంది. (అన్నానగర్)

జవాబు: సీఐ-4 గ్రేడు 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్. 602 ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి సుమారు 7 లీటర్లు, డిప్‌స్టిక్ చూసి ముగించండి. ఈ ఇంజన్లలో నల్లబడడం మామూలే.

ప్రశ్న: 602 వ్యాక్యూమ్ పంపు పుదుప్పేట పాత సామాన్ల బజారులో పాతది దొరుకుతోంది. కొనొచ్చా? (రాయపేట)

జవాబు: డోర్ గ్లాసు, సీటు, బంపర్, లైటు డబ్బీ పుదుప్పేటలో నిశ్చింతగా కొనండి. వ్యాక్యూమ్ పంపు మాత్రం వద్దు. దాని వెనక లివరు చివర చిన్న బేరింగ్ ఉంటుంది, అది టైమింగ్ చెయిన్ (వాల్వులను నడిపే గొలుసు) పక్కనే తిరుగుతుంది. బేరింగ్ పగిలితే గుండ్లు చెయిన్‌లో పడతాయి, చెయిన్ తెగి వాల్వులు పిస్టన్లను కొడతాయి. పాతదానికి ఎన్ని లక్షల కిలోమీటర్లు అయ్యాయో అమ్మేవాడికీ తెలియదు. జి.పి. రోడ్డులో కొత్తదాన్ని ఆర్డరు మీద తెప్పించుకోండి, గాస్కెట్ కూడా అడగండి. పాతది విప్పినప్పుడు బేరింగ్‌ను వేళ్లతో ఆడించి చూడండి, గుండ్లు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ముందు కవర్ తెరిచి దాన్ని వెతికి తీసేదాకా ఇంజన్ తిప్పొద్దు.