ఒంగోలులో ఉండి వేగమైన బ్లాక్‌చైన్ కట్టాలంటే ముందు దేని మీద పడాలి?

మీ ప్రశ్న ఇదీ: ఒంగోలులో ఇద్దరు మిత్రులు, సెకనుకు లక్ష లావాదేవీలు మోసే సొంత బ్లాక్‌చైన్ నెట్‌వర్క్, మొదట దేని మీద పడాలి? లక్ష సంగతి కాసేపు పక్కన పెట్టండి. కావలిలో మేం ముగ్గురం ఆ అంకెల వెంటపడే ఏడాదిన్నర పోగొట్టుకున్నాం.

మాది రొయ్యల లెక్క. అమెరికాకు వెళ్లే రొయ్య ఏ చెరువుదో, ఎవరి చేతులు మారిందో దిగుమతిదారు రికార్డు చూపాలి. 2018 చివరి నుంచి అక్కడ ఈ నిబంధన రొయ్యలకూ ఉంది. రైతు, ఏజెంటు, ప్లాంటు వీళ్లలో ఏ ఒక్కరూ దిద్దలేని చోట ఆ లెక్క ఉండాలన్నది మా ఆలోచన.

నాలుగు నోడ్‌లూ, అంటే లెక్క నకలు ఉంచుకునే కంప్యూటర్లు, ముంబైలో ఒకే డేటా సెంటర్‌లో పెట్టి టెస్ట్ చేశాం. అంకెలు చూసి మాకే కళ్లు తిరిగాయి. తర్వాత ఒకటి సింగపూర్‌కీ, ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌కీ మార్చాం. ఫ్రాంక్‌ఫర్ట్ నోడ్ బ్లాక్ (లావాదేవీల కట్ట) పెట్టే వంతు వచ్చినప్పుడల్లా నత్తనడకే. నోడ్‌లు ఒక మాట మీదికి రావడానికి మాది టెండర్‌మింట్ పద్ధతి. ఒకరు బ్లాక్ ప్రతిపాదిస్తారు, దాని మీద రెండు విడతలు ఓట్లు పడాలి, ప్రతిసారీ మూడింట రెండు వంతులకు మించి రావాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ గీత గీసినట్టు పోయినా 6,500 కిలోమీటర్లు, అంటే ఒక వైపుకే 30 మిల్లీసెకన్ల పైన. కేబుల్ తిన్నగా పోదు కాబట్టి ఇంకా ఎక్కువే. కోడ్ ఎంత చెక్కినా ఆ దూరం తగ్గదు.

బిట్‌కాయిన్ బ్లాక్‌కు సగటున 10 నిమిషాలు, ఇథీరియం 12 సెకన్లు, సొలానా సుమారు 400 మిల్లీసెకన్లు. ఆ సొలానా కూడా 2021 సెప్టెంబరులో బాట్‌లు (వాటంతట అవే నడిచే ప్రోగ్రాములు) కుమ్మరించిన లావాదేవీల వరదకు దాదాపు 17 గంటలు నిలిచిపోయింది. పనికిరాని లావాదేవీని తక్కువ ఖర్చుతో గుమ్మం దగ్గరే తిప్పి పంపడం ఎలాగో మొదటి నెలలోనే ఆలోచించండి. మేం ఆలోచించలేదు.

అసలు దెబ్బ మాత్రం ఇంకో చోట తగిలింది. మొదటి సీజన్‌లో ఒక తెల్లవారుజామున చాలా చెరువుల్లో ఒకేసారి పట్టుబడి (రొయ్యలు పట్టడం) పడింది. నేను ఒక చెరువు గట్టు మీదే ఉన్నాను. సెల్‌ఫోన్ లైటు వెలుతురులో ట్రేలు కాటా ఎక్కుతున్నాయి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూస్తున్నారు, ఏజెంటు మా యాప్‌లో బరువు కొట్టాడు. గుండ్రం తిరుగుతూనే ఉంది. "ఏంది సామీ, ఇది తిరగతానే ఉండాది" అని జేబులోంచి చిట్టా పుస్తకం తీసి రాసుకున్నాడు. ఐస్ కరుగుతోంది, ఆయన్ని ఏమనగలం?

ఇంటికొచ్చి సర్వర్ చూస్తే ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే 16 కోర్లలో ఒక్కటే పని చేస్తోంది, మిగతావి ఖాళీ. లావాదేవీలను పక్కపక్కనే నడిపించే ఏర్పాటు చేసుకున్నాం కానీ, ఆ రోజు మొత్తం బరువు చూపించడానికి ఒకే ఒక్క కౌంటర్ పెట్టాం. ప్రతి చెరువు లావాదేవీ దాన్నే దిద్దాలి. పది మంది ట్రేలు మోసుకొచ్చినా గట్టు మీద కాటా ఒకటే అయితే లైన్ కట్టక తప్పుతుందా? ఆ కాటా ఎదురుగానే నిలబడి కూడా నాకు వెలగలేదు, అదీ మన తెలివి. కౌంటర్ తీసేసి, ఏ చెరువు బరువు ఆ చెరువు రికార్డులోనే ఉంచి, మొత్తం తర్వాత విడిగా కూడేలా మార్చాం. నాలుగు రోజుల పని. తర్వాతి పట్టుబడికి అదే ఏజెంటు పుస్తకం తియ్యలేదు.

కాబట్టి ముందు ఒకే డేటాను ఎన్ని లావాదేవీలు ముట్టుకుంటాయో కాగితం మీద గీసుకోండి. తర్వాత నోడ్‌లను దూరదూరంగా పెట్టి, రెండు బార్ల సిగ్నల్ ఉన్న ఫోన్ నుంచి కొలవండి. టోకెన్ (మీ నెట్‌వర్క్ సొంత క్రిప్టో నాణెం) వదలాలన్న ఆలోచన ఉంటే ముందు మంచి ఆడిటర్‌ను కలవండి. వర్చువల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ 2022లోనే వచ్చాయి. మేమైతే టోకెన్ జోలికి పోలేదు.

మీ నెట్‌వర్క్‌ను వాడేది ఎవరో ప్రశ్నలో రాయలేదు. అది చెబితే నోడ్‌లు ఎన్ని చాలో, ఎక్కడ పెట్టాలో నాకు తెలిసినంత చెబుతాను.